నడుమల ఇడిసిన పేరు

మొన్న జగిత్యాలకెళ్ళి మా కాక మనుమడు ఫోన్ చేసిండు. వంశవృక్షం తయారు చేస్తున్నడంట. కుల సంఘం భవనంల పెద్ద ఫ్లెక్సీ కడతరంట, దాని మీద మా ఇంటిపేరోళ్ళందరు కొమ్మలు కొమ్మలుగ ఉంటరంట. మన పాత ఇంటిపేరు ఎక్కడికెళ్ళి వచ్చింది, తాతల తండ్రుల పేర్లేంది, అన్నీ నీకే ఎరుకంటున్నరు, జెర చెప్పు అత్తమ్మా అని బతిమాలిండు. నాకు సంబురమే అయింది. ఇప్పటి పోరగాండ్లు గిసొంటివి అడుగుడే తక్కువ. తన దగ్గర అప్పటికే ఉన్నదంత చదివి వినిపిచ్చిండు. మా బాపు పేరు కాడికి వచ్చి, కింద ఒక్కడే కొడుకు అన్నడు. మా తమ్ముని పేరు చెప్పిండు.

పెద్దోడేడి అని అడిగిన. పెద్దోడెవరు అత్తమ్మా అన్నడు.

వాడు ఎకసక్కానికి అనలే. వానికి నిజంగనే తెల్వదు. వాళ్ళ ఇంట్లనే ఉండి చదువుకొని, వాళ్ళ బువ్వ తిని, వాళ్ళ సాయమాన్ల పండుకున్న మనిషి ఒకడు ఉండెనని ఆ ఇంటి పోరనికి ఎరుక లేదు. అంటె ఇన్నేండ్లల్ల ఆ ఇంట్ల మా అన్న ముచ్చట ఒక్కరు సుత తియ్యలేదన్నట్టు.  పోరన్ని ఏమంటం, పాపం వాని తప్పేముంది. మల్ల చేస్త అని ఫోన్ పెట్టేసిన. పెట్టేసి కూసున్నంక గిట్ల కాదనుకున్న. ఫోన్ల చెప్తె ఒక చెవిల పడి ఒక చెవిలకెళ్ళి పోతది. రాసి ఇస్త, చదువుకోనీ, వాళ్ళ తాత సంగతి సుత చదువుకోనీ.

దీంట్ల నేను ఎవ్వరి పేరు రాయను. భయపడి కాదు. భయపడే వయసు దాటిపోయిన. నక్సలైట్ల జమానల పేర్లు లేకుండ మాట్లాడుడు మాకు అలవాటైపోయింది. జగిత్యాలాయన, కోరుట్లామె, పెద్దోడు, ఆ మనిషి. పేరు పెడితె ఎవడు విని ఎవనికి మోస్తడో అని బుగులు. బుగులు పోయింది గని అలవాటు పోలే. ఇంకో మాట సుత ముందే చెప్త. మా అన్న తిరిగి రాలే. ఆఖరుదాక దాచిపెట్టి ఏడిపిచ్చుడు నాకు చేతగాదు. వచ్చిండా రాలేదా అన్నది కాదు నేను చెప్పేది. వాడు మావాడా కాదా అన్నది.

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. సారంగాపూర్ అవుతల గుట్టల దిక్కు ఉంటది ఆ ఊరు. ఇప్పుడు అండ్ల మా వాళ్ళ ఇల్లు కాదు గదా, మగ్గం నేసే సాలోళ్ళ ఇల్లే లేదు. నా పెండ్లయినంక ఒకసారి బస్సెక్కి పోయిన. గీ ఇంటిపేరోళ్ళం మేము అంటె అక్కడోళ్ళు నవ్విన్రు. మా ఊరి పేరు మీరెందుకు పెట్టుకున్నరు అన్నరు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల కూసోని ఆలోచిస్తె నాకు సమజైంది. ఊరి పేరు ఇంటిపేరయ్యేది ఆ ఊళ్లె ఉన్నోనికి కాదు, ఆ ఊరు ఇడిసిపెట్టినోనికి. ఉన్న ఊళ్లె ఉన్నోన్ని ఆ ఊరి పేరు పెట్టి ఎవడు పిలుస్తడు? ఇంకో ఊరికి పోతెనే గదా, పలానా ఊరోడు వచ్చిండంటరు. పిలువంగ పిలువంగ అదే ఇంటిపేరైతది. మా తాతకు తాత, ఆ ఊరి గడిల దొరకు ఏటా ఉత్తగ నేసియ్యాల్సిన బట్ట నేయనని మొండికేసిండట. దొర మనుషులు రాకముందే మగ్గం కట్టెలు ఇప్పుకొని, బండి మీదేసుకొని, పెండ్లాం పిల్లలతోని కోరుట్లకొచ్చి పడ్డడట. కోరుట్లోళ్ళు ఆయనకు ఈ పేరు పెట్టిన్రు. ఎవ్వనికి చెప్పకుండ ఇల్లిడిసి పోయినోని వంశం మాది. ఇది నేను కల్పిచ్చింది కాదు. మా ఇంటి ముంగట కూనపులోళ్ళు పాడంగ నా చెవులతోని విన్నది.

కూనపులోళ్ళంటె ఇప్పటోళ్ళకు తెల్వకపోవచ్చు. మా సాలోళ్ళ పుట్టుక కథను బట్ట మీద గీసిన బొమ్మలు చూపిచ్చుకుంట చెప్పేటోళ్ళు. మా కులాన్నే అడుగుతరు, ఇంకో కులం గడప తొక్కరు. కొన్నేండ్లకోసారి ఊరికి వస్తరు. పటం కథ అయిపోయినంక పొద్దుగాల ఒక్కొక్క ఇంటికి వచ్చి అరుగు మీద గొంగడి పరుచుకొని కూసుంటరు. ఆ ఇంటి గోత్రం, ఇంటిపేరు, ఏ ఊరిడిసి ఏ ఊరికొచ్చిన్రు, ఎవని కొడుకు ఎవడు, అంత పదం కట్టి పాడుతరు. పాడి పాడి ఆగి, ఇంకెవరున్నరు అని అడుగుతరు. అప్పుడు ఇంటి పెద్ద తన నోటితోని కొత్త పేర్లు చెప్పాలె. చెప్పిన పేరు పదంల కలుస్తది. చెప్పంది కలువది. కాయిదం లేదు, కలం లేదు, అంత నోటి లెక్కనే. ఒకసారి ఇడిసిన పేరును మల్ల కలుపరు. తాగి తందనాలాడినోళ్ళ పేర్లు ఉంటయి, పిల్లలు కలుగనోళ్ళ పేర్లు ఉంటయి, ఉరేసుకున్నోళ్ళ పేర్లు సుత ఉంటయి. ఇంటోళ్ళే కాదనుకున్నోని పేరొక్కటే ఉండది. ఆడిపిల్లల పేర్లు మొత్తానికే కలుపరు, అది వేరే కొట్లాట.

మా అన్నకు మా తాత పేరు పెట్టిన్రు. మొదటి మనుమనికి తాత పేరు పెట్టుడు మా దిక్కు రివాజు. దాంతోని ఇంట్ల ఒక తమాష అయింది. ఆ పేరు మా బాపమ్మకు మొగని పేరు, మా అమ్మకు మామ పేరు. మొగని పేరు, మామ పేరు మా ఆడోళ్ళు నోటితోని అనరు. అంటె ఆయుష్షు తగ్గుతదంటరు. అందుకని అమ్మ వాన్ని పెద్దోడా అని పిలుస్తుండె. బాపమ్మ ఓ ముసలోడా అని పిలుస్తుండె. మూతి మీద మీసం మొలువని పోరన్ని ముసలోడా అంటె వాడలోళ్ళంత నవ్వేటోళ్ళు. వాడు ఉడుక్కోకపోతుండె. నడుము వంచి, ముసలోని లెక్క దగ్గుకుంట వచ్చి ఆమె పక్కపొంటి కూసుంటుండె. వాన్ని పేరు పెట్టి పిలిచేది బాపు, నేను, తమ్ముడు. నేనైతె చిన్నదాన్నయి ఉండి కూడ అన్నా అనకుండ పేరు పెట్టే పిలిచి అమ్మ చేతుల తన్నులు తింటుంటి.

మా ఇల్లు సిరిసిల్లను ఆనుకొనున్న ఒక ఊళ్లె. తాత కాలంల కోరుట్లల మగ్గాలు నడువక, ఇటు దిక్కు పని ఉన్నదంటె వచ్చిన్రు. బాపు ఒక ఆసామి దగ్గర సాంచెలు, గదే కరెంటు మగ్గాలు నడిపేటోడు. అమ్మ, బాపమ్మ ఇంట్ల కూసోని నూలు కండెలు చుట్టేటోళ్ళు. అన్నకు చదువు మంచిగ వస్తుండె. బాపు తమ్ముడు, మా కాక, జగిత్యాలల సర్కారు బడి సారు. తన ఇంట్ల ఉంచుకొని కాలేజీ చదివిపిస్త అని తీసుకపోయిండు. అది మరువద్దు, కాక మంచోడే అప్పుడు. పండుగలకు అన్న వస్తె అమ్మ పక్కకు కూసోని ఆమె కంటె జల్ది కండెలు చుట్టేటోడు. నాకు కాలేజీ ముచ్చట్లు చెప్పేటోడు. ఊళ్ళల్ల జీతగాండ్ల ముచ్చట్లు, దొరల ముచ్చట్లు చెప్పేటోడు. నీ నోటికి ఠాణా రాసిపెట్టున్నదే అని నన్ను ఏడిపిచ్చేటోడు. ఒక యేడు ఎండకాలం పరీక్షలున్నయని కాక ఇంట్లకెళ్ళి పోయినోడు పరీక్షకు పోలే, ఇంటికి రాలే. అన్నలల్ల, గదే నక్సలైట్లల్ల, కలిసిండని కొన్ని దినాలకు తెలిసింది.

పోలీసోళ్ళు వచ్చిన నాడు బాపు సాంచెల కాడ ఉన్నడు. కొత్తగ వచ్చిన ఎస్సై, మా దిక్కోడు కాదు. నీ కొడుకు పేరేంది అని అమ్మను అడిగిండు. అమ్మ మాట్లాడలే. మల్ల అడిగిండు. అమ్మ తల వంచుకొని నా దిక్కు చూసింది, నువ్వు చెప్పు బిడ్డా అన్నట్టు. ఆమెకు భయం కాదు, దాచుడు కాదు. ఆ పేరు ఆమె నోటికెళ్ళి రాదు, అంతె. ఎస్సైకి గది తెల్వదు. పొగరనుకున్నడు. కన్న కొడుకు పేరు తెల్వదానే అని లాఠీతోని కండెల గంప మీద కొడితె కండెలన్ని వాకిట్ల పడి దొర్లినయి. నేను దబ్బున పేరు చెప్పేసిన. అప్పుడు ఆయనెంబడి వచ్చిన ముసలి జమేదారు మెల్లగ, అది వాళ్ళ మామ పేరుంటది సార్, చెప్పరు వీళ్ళు అన్నడు. ఎస్సై నవ్విండు. ఆ నవ్వు నాకు ఇప్పటికి యాదికొస్తది, వస్తె ఒళ్ళు మండుతది.

ఆ నాటికెళ్ళి వారం వారం బాపు ఠాణాకు పోయి పొద్దుందాక కూసోవాలె. కూసోవుడంటె ఉత్తగ కూసోబెట్టుడు కాదు, అది అందరికి ఎరుకే. మా ఇంటిపేరు సుత మాకు ముప్పైంది. మా తాలూకాలు కల్లోలిత ప్రాంతమని సర్కారు అన్నంక రోడ్ల మీద బస్సులాపి పేర్లు అడిగేటోళ్ళు. కోరుట్లకు పెండ్లికి పోతుంటె బాపు ఇంటిపేరుతోని చెప్పిండు. వెంటనే దిగు అన్నరు. బస్సు పోయింది, మేము రోడ్డు మీద ఎండల నిలబడ్డం. పెండ్లి అయిపోయినంక చేరినం. మా ఇంటిపేరున్న కోరుట్ల చుట్టాలు మేము పోతె లోపలికి రండ్రి అని సుత గట్టిగ అనలే. ఇట్లనే ఉంటె నౌకరి పోతదని జగిత్యాల కాక ఇంటిపేరే మార్చుకున్నడు. ఎల్లంతకుంట దిక్కు అత్తగారోళ్ళ ఇంటిపేరు తీసుకొని సర్కారు కాయిదాలన్నిట్ల ఎక్కిచ్చుకున్నడు.  నేనైతె, ఇంటిపేరు పాత అంగి లెక్క ఇడిసి దండెం మీద ఏసేదా అన్న. అన్నందుకు అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చింది.

నేను పదోది చదివే యేడు కూనపులోళ్ళు వచ్చిన్రు. వాళ్ళ పాలోళ్ళ నడుమ ఏదో కొట్లాటయి మా ఊరు మస్తు ఏండ్లు తప్పిపోయిందట. బాపు పెండ్లి కాకముందు వచ్చి పోయినోళ్ళు, మల్ల అప్పుడే వచ్చుడు. అంటె మా అన్నను పదంల ఇంకా కలుపలే. ఈసారి కలిస్తె కలిసినట్టు, లేకపోతె లేనట్టు.

వాళ్ళు వచ్చిన్రని తెలువంగనే కాక జగిత్యాలకెళ్ళి దిగిండు. చాయి తాగి, తలుపు దగ్గరికేసి, వచ్చిన పని చెప్పిండు. ఎస్సైతోని మాట్లాడిండట. కులమంత వినంగ వాడు మావాడు కాదని తేల్చున్రి, వారం వారం రావాల్సిన పని లేదు అన్నడట ఎస్సై. కాగితం మీద సంతకం వద్దు, పేపర్ల ఏయుడు వద్దు. కూనపులోళ్ళు పాడేటప్పుడు వాని పేరు ఇడిసిపెడితె చాలు. ఊరంత వింటది, ఎదురుంగ హోటల్ల కూసుండే మఫ్టీ ఆయన వింటడు. గంతెనే అన్నడు కాక.

నేను పుస్తకం పక్కన పెట్టి లేచిన. గంతెనా అన్న. బతికున్నోన్ని ఇంటి ముంగట కూసోని చంపుడు గంతెనా అన్న. పెద్దోళ్ళు మాట్లాడుతుంటె నడుమ నీకేంది అన్నడు కాక. కాక గొంతుల కోపం కంటె బుగులే ఎక్కువున్నది. నన్ను తీసుకపోయి ఏం చేసిన్రో నీకెరుకనా, మీ బాపు కాళ్ళు చూస్తున్నవా, ఎన్నేండ్లు నడుస్తడు ఆ కాళ్ళతోని, నీ తమ్ముడు ఎదుగుతున్నడు, రేపు వాన్ని సుత గిట్లనే గుంజుకపోతరు అన్నడు. అవన్నీ నిజమే. నిజం కాదని నేను ఇప్పుడు సుత అనను. నిజమని తెలిసి నా కోపం ఇంకింత పెరిగింది. గవన్నీ చేసినోళ్ళను ఇడిసిపెట్టి మా అన్న పేరు తీసేయమంటున్నవు అన్న. కాక నా దిక్కు చూసి, ఆడిపిల్లవు, ఆ పదంల నీ పేరే రాదు, నీకెందుకింత కొట్లాట అన్నడు.

"నా పేరు రాకపోతె రాకపాయె," అన్న. "వాని పేరు ఎందుకు రాదో నువ్వు చెప్పు."

 బాపు దిక్కు చూసిన. బాపు తన కాళ్ళ దిక్కు చూసుకుంటున్నడు. అమ్మ పొయ్యి ముంగట కూసోని ఊదకుండనే పొగకు ఏడ్చినట్టు ఏడుస్తున్నది. బాపమ్మ మూలకు చర్ఖా తిప్పుకుంట కండె చుడుతనే ఉన్నది. ఆమెకు చెవుడు లేదు. అన్నీ విన్నది, ఒక్క మాటనలే. నాకు అందరి మీద కోపమొచ్చింది, ఎక్కువ ఆమె మీదనే వచ్చింది.

పటం కథ అయిపోయిన మరునాడు పొద్దుగాల, మూడో ఇల్లుగ మా వంతు వచ్చింది. అమ్మ వాకిట్ల సాన్పి చల్లి ముగ్గేసింది. బాపు తలకు పోసుకొని, తెల్ల అంగి తొడుక్కొని, కూనపులోళ్ళకు పెట్టే ధోవతి చేతుల పట్టుకొని గడప కాడ నిలబడ్డడు. ఆయన పక్కకు కాక. వాడలోళ్ళంత జమైన్రు. హోటల్ బెంచి మీద మఫ్టీ ఆయన చాయి పట్టుకొని ఇటే చూస్తున్నడు. పెద్ద కూనపులాయన సన్నగ, నల్లగ ఉన్నడు, గొంతు మాత్రం ఖంగున మోగుతది. ఇద్దరు తాళాలు కొడుతుంటె ఎత్తుకున్నడు.

నేను అప్పటిదాక మా పుట్టుక ఎప్పుడూ వినలే. గోత్రం చెప్పిండు. ఊరు చెప్పిండు. ఆ ఊరి గడి, దొరకు నేయనన్నోని మొండితనం, మగ్గం కట్టెల బండి, వాగు దాటేటప్పుడు బండి చక్రం ఇసుకల దిగబడుడు, కోరుట్లల చెరువు కింద గుడిసె, అంత చెప్పిండు. తరం తరం పేర్లు వస్తున్నయి.  ఇసొంటి మనుషులకు పుట్టి, మేము గిట్ల గడప కాడ తల వంచుకొని నిలబడ్డమేంది అనిపిచ్చింది. తాత పేరు వచ్చింది. బాపు పేరు వచ్చింది. కాక పేరు వచ్చింది, మా ఇంటిపేరుతోనే వచ్చింది. సర్కారు కాయిదాలల్ల కాక ఎవడో గని ఆ పదంల మావాడే. నేను కాక దిక్కు చూసిన, కాక నేల దిక్కు చూసిండు.

తాళాలు ఆగినయి. ఇంకెవరున్నరు అని అడిగిండు కూనపులాయన.

బాపు మా తమ్ముని పేరు చెప్పిండు. చెప్పి ఊకున్నడు.

కూనపులాయన పదం ఎత్తుకోలే. బాపు దిక్కే చూసుకుంట, మరి తాత పేరు ఎవ్వనికి పెట్టలేదా అని అడిగిండు. ఎందుకడగడు? సాలోళ్ళ ఇంట్ల మొదటి మనుమనికి తాత పేరు పెట్టకుండ ఉండరు. పెద్దోన్ని తీసేస్తె పేరొక్కటే పోతదనుకున్నడు కాక. పేరు పోయిన జాగ ఎవ్వనికన్న కనవడతదని ఆయనకు తట్టలే.  అందరికి ఎరుకే, ఒక్కరు నోరు తెరువలే. బాపు కాక దిక్కు చూసిండు. కాకనే, పెట్టలే అన్నడు. పెట్టలే అని ఊరంత వినంగ అన్నడు, వాన్ని తన భుజాల మీద ఎత్తుకొని తిప్పినోడు.

ఇగ నాకు ఆగలే. అన్న పేరు గట్టిగ చెప్పిన. నా అన్న, పెద్దోడు, రాయిలెక్క ఉన్నడు, కలుపు అన్న. కాక నా రెక్క పట్టుకొని గుంజిండు. కూనపులాయన నా దిక్కు మంచిగనే చూసిండు. నువ్వు చెప్తె కాదు బిడ్డా, ఇంటి పెద్ద నోటికెళ్ళి రావాలె అన్నడు. బాపు దిక్కు చూసిండు. బాపు ధోవతి మడతలు సక్కగ చేసుకుంట నిలబడ్డడు.

అప్పుడు బాపమ్మ లేచింది. లోపట మూలకు ఉన్నది మూలకెళ్ళి లేచి, గోడ పట్టుకుంట గడప కాడికి వచ్చింది. బాపును పక్కకు జరుగుమన్నది. ఇంటి పెద్దను నేను అన్నది. అని, ఆ పేరు పలికింది. మా తాత పేరు. ముందుగాల ఇంటిపేరు, ఎనుక పేరు, సాఫ్ సాఫ్‌గ. నా మనుమడు, పెద్దోడు, పాడు అన్నది.

ఆడోళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నరు.  పెండ్లయిన నాటికెళ్ళి బాపమ్మ నోట్లకెళ్ళి ఆ పేరు వచ్చుడు అదే మొదలు. తాత సచ్చిపోయిన నాడు సుత పేరు పెట్టి ఏడ్వలేదంట. కూనపులాయన సుత బెదిరిండు. ఆ పేరు నువ్వనద్దు గదమ్మా అన్నడు.

"అంటె మొగని ఆయుష్షు తగ్గుతదని ఇన్నేండ్లు అననైతిని," అన్నది బాపమ్మ. "మొగడు పాయె. పోయినోనికి తగ్గేదేముంది. ఇప్పుడు అనకపోతె నా మనుమడు పోతడు. నువ్వు పాడు."

పాడిండు. తాత పేరు రెండోసారి పదంల వచ్చింది, మా బాపు కొడుకుగ, తమ్మునికి ముందు. వాడ కొసకు వినబడేటట్టు పాడిండు. ఆయనకు సుత భయం లేదనను, పాడేటప్పుడు హోటల్ దిక్కు చూడలే. మఫ్టీ ఆయన చాయి గిలాస పెట్టేసి సైకిలెక్కి పోయిండు. బాపు ధోవతి ఇచ్చిండు. బాపమ్మ లోపటికి పోయి చర్ఖా ముంగట కూసున్నది, గని తిప్పలే. ఆమె చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నది.

కాక ఆ పూట బువ్వ తినకుండనే జగిత్యాల బస్సెక్కిండు. మల్ల ఎన్నడు మా ఇంటికి రాలే. ఆ నాడు పొద్దుగూకక ముందే జీపు వచ్చి బాపును తీసుకపోయింది. నేను బాపమ్మ పక్కకు పోయి కూసున్న. ఇన్ని దినాలు నిన్ను మనసుల ఊకెనే తిట్టుకుంటి అన్న. ఆమె నన్ను పట్టించుకోలే, గడప మీదనే కూసోని తోవ చూసింది.

బాపు మరునాడు పొద్దుగాల వచ్చిండు. ఆటోల కాదు, ఎవ్వనిదో బండి మీద కాదు, గోడలు పట్టుకుంట నడుసుకుంటనే వచ్చిండు. వారం వారం ఠాణాకు పోవుడు ఆగలే, కాక చేసిన బేరం పోయింది. అమ్మ వేడి నీళ్ళు పెట్టి కాళ్ళు కడుగుతుంటె నేను తలుపు సాటుకు నిలబడ్డ. తిడతడనుకున్న. నన్ను తిట్టినా సరే, బాపమ్మను ఒక్క మాటంటె ఊకోనని సుత అనుకున్న.  నీళ్ళు చల్లారినంక బాపమ్మ దిక్కు తిరిగి చెప్పిండు.

"ముసల్దానికి మతిలేదని చెప్పు, ఇంటికి పో అన్నడు ఎస్సై. మా అమ్మ మతి సక్కగనే ఉన్నది సార్ అన్న. ఎంతమంది కొడుకులు నీకు అన్నడు. ఇద్దరన్న. పెద్దోనికి మా నాయిన పేరు పెట్టుకున్నం, రాసుకో అన్న."